ఫెలోషిప్‌లో మీ చేతుల్ని ఎవరు చూస్తారు?

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లా. కటక్ దగ్గర బీఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ డిగ్రీ) చేసి, మూడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక రీహాబ్ సెంటర్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే థెరపిస్టుగా పనిచేస్తున్నాను. నెలకు 26 వేలు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్షవాతం, తలకు దెబ్బ తగిలిన పేషెంట్లే. అందరూ నన్ను ‘ఫిజియో మేడమ్’ అనే పిలుస్తారు. రోజూ చేతి వ్యాయామానికి అవే కోన్లు, అవే పెగ్ బోర్డులు. నేర్చుకున్నదంతా అయిపోయినట్టు అనిపిస్తోంది. న్యూరో రీహాబ్‌లో ఫెలోషిప్ చేద్దామనుకుంటున్నాను. ఒకటి ఆరు నెలలది, శని ఆదివారాల్లో ఆన్‌లైన్, ఫీజు 90 వేలు. ఇంకోటి వేరే రాష్ట్రంలో పెద్ద ఆసుపత్రిలో ఏడాది, స్టైపెండ్ 18 వేలు. ముందు ఎంఓటీ (ఇందులోనే పీజీ) చేయమని మా సార్ అంటారు. అమెరికా వచ్చి అక్కడ ఫెలోషిప్ చేయమని డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు అంటుంది. ఇంట్లో పెళ్లి తొందర. నాకు మాత్రం ఎప్పటికైనా శ్రీకాకుళంలో సొంతంగా సెంటర్ పెట్టాలని ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది చేయమంటారు? (పేరు రాయొద్దు)

జవాబు: అమ్మా, చోటు చాలక మీ ఉత్తరాన్ని పైన కుదించాం గానీ, నేను మొత్తం రెండుసార్లు చదివాను. అమెరికా గురించి మీరు రాసింది ఒకే ఒక్క వాక్యం, అదీ మీ అక్క మాటగా. శ్రీకాకుళం సెంటర్ గురించి మాత్రం పేజీన్నర ఉంది. బస్టాండుకు ఎంత దూరంలో ఉండాలో, మెట్లు లేని గదికి అద్దె ఎంతవుతుందో, లోపల ఒక వంటగట్టూ ఒక ఇండియన్ టాయిలెట్టూ ప్రాక్టీసు కోసం కట్టించాలనీ రాశారు. మీకేం కావాలో మీకు తెలుసు. అక్కడికి ఏ బస్సు వెళ్తుందన్నదే తేలాలి.

ముందు ఫెలోషిప్ అన్న మాట సంగతి చూద్దాం. సగం గందరగోళం దానిలోనే ఉంది. డాక్టర్లలో ఎండీ అయ్యాక ఒక చిన్న విభాగంలో లోతుగా తీసుకునే శిక్షణను ఫెలోషిప్ అంటారు, దానికి అర్థం అందరికీ తెలుసు. మన వృత్తిలో ఈ మాట మూడు రకాలుగా తిరుగుతోంది. వృత్తి సంఘాలు పెద్దవాళ్లకు గౌరవంగా ఇచ్చే ఫెలో బిరుదు ఒకటి. అమెరికా ఆక్యుపేషనల్ థెరపీ అసోసియేషన్ అలాంటిది ఇస్తుంది. పేరు పక్కన ఐదు అక్షరాలు చేరతాయి, శిక్షణతో సంబంధం లేదు. అదే సంఘం గుర్తింపు ఇచ్చే ఫెలోషిప్ శిక్షణ వేరే ఉంది. అప్పటికే లైసెన్స్ ఉన్న థెరపిస్టు తొమ్మిది నుంచి పన్నెండు నెలల పాటు ఒకే విభాగంలో, జీతం తీసుకుంటూ, ఒక మెంటర్ దగ్గర పనిచేస్తారు. ఇక మూడోది, మన వాట్సాప్ గ్రూపుల్లో రంగురంగుల పోస్టర్ల మీద కనిపించేది. ఆరు వారాల కోర్సునూ ఫెలోషిప్ అంటున్నారు, ఏడాది పాటు వార్డులో నిలబెట్టే శిక్షణనూ ఫెలోషిప్ అంటున్నారు. కాబట్టి పేరు చూసి ఏమీ తేల్చుకోలేం.

మరి ఏం చూసి తేల్చుకోవాలి? దానికి నా సంగతి ఒకటి చెప్పాలి.

నాకు మీ వయసున్నప్పుడు, నేను పనిచేసే చోటికి టీ బండి నడిపే ఒకాయన వచ్చేవారు. మెదడు కుడివైపున స్ట్రోక్. నడక వచ్చింది, ఎడమ చేయి కొంత తిరిగొచ్చింది. కానీ ఎడమవైపు అనేది ఒకటుందని ఆయన మెదడు మర్చిపోయింది. కళ్లు బాగానే ఉన్నాయి. ప్లేటులో కుడివైపు ఇడ్లీలు తిని, ఎడమవైపున్న రెండూ వదిలేసి, ఇంకా ఆకలేస్తోందనేవారు. దీన్నే నెగ్లెక్ట్ అంటారని మీకు చెప్పనక్కర్లేదు. పుస్తకంలో ఉన్నట్టే నేను అక్షరాలు కొట్టేసే షీట్లు ఇచ్చాను. మూడు వారాల్లో ఒక్క అక్షరం వదలకుండా కొట్టేసే స్థాయికి వచ్చారు. ఫైల్లో స్కోరు రాసి, కింద గీత కూడా గీశాను.

ఒకరోజు మా సీనియర్ ఒకావిడ నా సెషన్‌కు వచ్చి, మూలన స్టూలు వేసుకుని, నలభై నిమిషాలు నోరు విప్పకుండా కూర్చున్నారు. పేషెంట్ వెళ్లాక ఒకటే అడిగారు. “ఆయన బండి చూశావా?”

చూడలేదు. అది మా గేటు నుంచి పట్టుమని అర కిలోమీటరు కూడా లేదు.

ఆ సాయంత్రం ఇద్దరం వెళ్లాం. తమ్ముడు పక్కన నిలబడి కనిపెట్టుకుని ఉంటే ఆయన టీ పోస్తున్నారు. వరసగా ఆరు గ్లాసులు. కుడివైపు నాలుగు నిండాయి, ఎడమవైపు రెండూ ఖాళీ. ఎడమపక్క ఒక మనిషి డబ్బులు చాపి ఎదురుచూస్తున్నాడు, ఈయనకు తెలియదు. స్టవ్వు కూడా అటే ఉంది. చొక్కా చేయి మంటకు జానెడు దూరంలో ఊగుతోంది. కాగితం మీద నేర్చుకున్న చూపు ఆ అర కిలోమీటరు దాటి బండి దాకా రాలేదు. మర్నాటి నుంచి వారానికి మూడు రోజులు చికిత్స బండి దగ్గరే. స్టవ్వు కుడివైపుకు మార్పించాం. గ్లాసుల ట్రే ఎడమ అంచుకు ఎర్ర రిబ్బను కట్టాం. రిబ్బను కనిపించేదాకా తల తిప్పాలి, అక్కడి నుంచే పోయడం మొదలుపెట్టాలి, లెక్క కూడా అటు నుంచే పెట్టాలి. అంతకు మించి పెద్ద విద్యేమీ కాదు. కానీ నాకు తట్టలేదు.

షీట్లలో వచ్చిన మెరుగు పనిలోకి రావడం కష్టమని నేను చదవకపోలేదు. చదివాను, పరీక్షలో రాశాను కూడా. అయినా నా చేతికింద అదే తప్పు జరుగుతుంటే నాకు కనిపించలేదు. కనిపించాలంటే ఒకరు స్టూలేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. అందుకే ఫెలోషిప్‌కు నేను పెట్టే కొలత ఒక్కటే: మీరు పేషెంట్‌తో పనిచేస్తున్నప్పుడు, మీకంటే బాగా తెలిసిన ఒకరు వారానికి ఎన్ని గంటలు మీ చేతుల్ని చూస్తారు?

ఈ కొలతతో 90 వేల ఆన్‌లైన్ కోర్సు సంగతి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. వద్దు. అందులో చెప్పేవాళ్లు మంచివాళ్లే కావచ్చు, పాఠాలు బాగుండొచ్చు. మెదడు నిర్మాణం, పేషెంట్ స్థితిని కొలిచే స్కేళ్లు, కొత్త పరిశోధనలు తెర మీద నేర్చుకోవచ్చు. కానీ మోచేయి చాపుతున్నప్పుడు బిగుతు ఎక్కడ పట్టుకుంటుందో, బిగుతును కొలిచే మోడిఫైడ్ యాష్‌వర్త్ స్కేలులో దానికి 1 వేయాలో 1+ వేయాలో తెర చెప్పదు. మంచం అంచున కూర్చోబెట్టిన మనిషి ఒరిగిపోతుంటే మీ మోకాలు ఎక్కడ ఆనించాలో తెర అసలే చెప్పదు. మూడేళ్లుగా పేషెంట్లను చూస్తున్న మీకు కొరత పాఠాలది కాదు. ఆ డబ్బు దాచుకోండి, సెంటర్ అడ్వాన్సుకు పనికొస్తుంది.

ఏడాది ఫెలోషిప్ మీద నాకు మనసుంది, కానీ ఒక భయం కూడా ఉంది. 26 వేలు వదులుకుని 18 వేలకు వెళ్తున్నారు. ఫెలో అన్న పేరు పెట్టి తక్కువ జీతానికి స్టాఫ్‌ను తీసుకునే చోట్లు లేకపోలేదు. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి రోజుకు పద్నాలుగు మంది పేషెంట్లు, నెలకోసారి పరిశోధన పేపర్లు చదివే ఒక జర్నల్ క్లబ్, చివర్లో గాజు ఫ్రేములో సర్టిఫికెట్. అలాంటిదైతే మీరు ఇప్పుడు చేస్తున్న ఉద్యోగమే, ఎనిమిది వేలు తక్కువకు చేసినట్టు. అందుకని ఇంటర్వ్యూకి మీరు జవాబులు చెప్పడానికే కాక, ప్రశ్నలు అడగడానికి కూడా వెళ్లండి. సిగ్గుపడకండి.

మెంటర్ ఎవరు, ఆవిడ లేదా ఆయన ఆక్యుపేషనల్ థెరపిస్టేనా అని అడగండి. కొన్నిచోట్ల మెంటర్ అని రీహాబ్ డాక్టరుగారి పేరు రాసి ఉంటుంది. ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉన్నా, రోజూ మీ పనిని దిద్దడం ఆయన పని కాదు. రెండో ప్రశ్న, పక్కన కూర్చుని చూసే సమయం డ్యూటీ చార్టులో రాసి ఉందా, లేక ‘మేమంతా ఇక్కడే ఉంటాం కదా’ అంటారా? మూడోది, నిరుడు ఫెలోగా చేసినవాళ్లతో పదినిమిషాలు మాట్లాడనిస్తారా? నాలుగోది, స్ట్రోక్ యూనిట్ నుంచి వార్డు, ఓపీ, పేషెంట్ ఇల్లు దాకా అన్నిచోట్లా తిప్పుతారా? ఓపీలోనే ఏడాదంతా ఉంచితే మీరు చూసేది స్ట్రోక్ వచ్చి నెలలు గడిచిన చేతుల్నే. మొదటి వారంలో మంచం మీద భుజాన్ని ఎలా పెట్టారన్న దానితో ఆ చేతి కథ చాలావరకు అప్పుడే మొదలైపోయి ఉంటుంది.

భుజం అన్నాను కదా, అక్కడ కొంచెం ఆగుతాను. మన న్యూరో పనిలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. చచ్చుబడిన చేతి బరువుకు కీలు జారి, వేలు పట్టేంత సందు ఏర్పడుతుంది. లేపి కూర్చోబెట్టే ప్రతిసారీ ఇంట్లోవాళ్లు ఆ చేయి పట్టుకునే లాగుతారు. ఆయాలు, అటెండర్లు కూడా అంతే. ఆపైన తాడూ కప్పీ కట్టి, మంచి చేత్తో చచ్చుబడిన చేతిని పైకి లాగే వ్యాయామం ఒకటి ఇప్పటికీ చాలాచోట్ల చేయిస్తున్నారు. భుజం నొప్పి పెంచుతుందని దాన్ని వద్దని చెప్పి ఏళ్లయింది. నొప్పి మొదలైందా, పేషెంట్ చేయి ముట్టుకోనివ్వడు, ఇక చికిత్సేముంది. మంచి ఫెలోషిప్‌లో మీకు మొదటి నెలలో రావలసింది రోబోటిక్ గ్లవ్ వాడటం కాదు. రాత్రి డ్యూటీ ఆయాకు చేయి కింద దిండు ఎలా పెట్టాలో, ఆవిడ ఇంకో ఆయాకు నేర్పేంత బాగా నేర్పడం. ఇది రాస్తుంటే నవ్వొస్తోంది. ఏ బ్రోషర్‌లోనూ ఆయా ఫోటో ఉండదు, గ్లవ్ ఫోటో మాత్రం తప్పకుండా ఉంటుంది.

రెండో సంగతి తిండి. మన స్కేళ్లూ కిట్లూ ఎక్కువగా చెంచా, ఫోర్కు ఉన్న దేశాల నుంచి వచ్చాయి. పప్పన్నం చేత్తో కలపడం ఎంత సున్నితమైన పనో చూడండి. వేళ్లు ముద్దను తడిమి, మెత్తదనం చూసి, బొటనవేలితో నోట్లోకి తోయాలి. స్పర్శ పోయిన చేయి ఎంత బలంగా మూసినా ఇది చేయలేదు. కుడివైపు పక్షవాతం వచ్చిన మనిషికి ఎడమ చేత్తో తినడం నేర్పించి ‘స్వతంత్రంగా తింటున్నాడు’ అని మనం ఫైల్లో రాస్తాం. ఆ మనిషి మాత్రం ఆ తర్వాత పెళ్లి భోజనాలకు వెళ్లడం మానేస్తాడు. ఎడమచేయి దేనికి వాడతామో పంక్తిలో అందరికీ తెలుసు కాబట్టి. దాన్నీ లెక్కలోకి తీసుకునే మెంటర్ దొరికితే స్టైపెండ్ సంగతి మర్చిపోయి చేరండి. చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం, కింద కూర్చుని లేవడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం, ఫోన్‌పేలో నంబరు కొట్టడం, ఇవన్నీ ఆ శిక్షణలో రావాలి. వస్తున్నాయా లేదా అన్నది వాళ్ల డిపార్ట్‌మెంట్‌లోకి అడుగుపెట్టగానే తెలుస్తుంది. గదిలో ఒక స్టవ్వూ ఒక చాపా ఉన్నాయేమో చూడండి.

మీరు కోన్లతో విసిగిపోయానన్నారు. ఆ విసుగు మంచిదే. దానికో లెక్క కూడా ఉంది. అమెరికా, కెనడాల్లో ఏడు చోట్ల 312 చికిత్స సెషన్లను కూర్చుని గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. చేతితో పనికొచ్చే కదలికలు సుమారు సగం సెషన్లలోనే చేయించారు. చేయించినచోట కూడా సెషన్‌కు సగటున 32 సార్లే. జంతువుల మీద పరిశోధనల్లో మెదడు మారడానికి వందల సార్లు చేయించారు. రేపు మీ సెషన్‌లో ఒకసారి ఊరికే లెక్కపెట్టండి. నేను మొదటిసారి లెక్కపెట్టిన రోజున 20 దాటలేదు, మిగతా సమయమంతా మాటలూ, బెల్టు సర్దడమూ. అయితే దీన్ని పట్టుకుని ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అని పరుగెత్తకండి. అదే పరిశోధకుల బృందం తర్వాత, స్ట్రోక్ వచ్చి నెలలు గడిచినవాళ్లలో ఒక్కొక్కరి చేత 3,200, 6,400, 9,600 సార్లు చేయించి పోల్చింది. ఎక్కువ చేసినవాళ్లు ఎక్కువ బాగుపడతారన్న లెక్క తేలలేదు. ఈ రెండు పేపర్లూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, నా ఎదురుగా ఉన్న పేషెంట్‌కు ఏం చేయాలి అని వాదించుకునే వారపు సమావేశం ఉందా? ఉంటే అది ఫెలోషిప్.

మంచి చేతికి గ్లవ్ తొడిగి, చచ్చుబడిన చేతిని బలవంతంగా వాడించే పద్ధతి ఉంది కదా, దాని సంగతీ ఇలాంటిదే. 2006లో వచ్చిన ఎక్సైట్ ట్రయల్‌లో 222 మంది మీద పరీక్షించారు. రెండు వారాలు, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం గ్లవ్ వేసుకునే ఉండాలి, రోజుకు ఆరు గంటల దాకా సాధన. ఫలితం బాగుంది. కానీ మణికట్టు, వేళ్లు కొంతైనా పైకి లేచేవాళ్లనే తీసుకున్నారు. మన దగ్గర వర్క్‌షాప్ రెండు రోజులు విని వచ్చి, వేలు కదలని మనిషికి కూడా మంచి చేయి కట్టేసినవాళ్లను నేను చూశాను. ఎవరికి చేయకూడదో నేర్పని చోట ఎవరికి చేయాలో నేర్చుకోలేం.

ఇక మీ శ్రీకాకుళం సెంటర్‌కు సంబంధించి ఒక పరిశోధన గురించి చెప్పాలి. ఇది మన దేశంలోనే జరిగింది. మీకొచ్చే పేషెంట్లలో ఎక్కువమంది యాభై అరవై కిలోమీటర్ల దూరం నుంచి, ఆటో మాట్లాడుకుని, నెలకోసారి వస్తారు. అంటే చికిత్స చేసేది ఇంట్లోవాళ్లే, మీరు నేర్పిస్తారు అంతే. ఈ ఆలోచన అందరికీ నచ్చేదే. దాన్ని అటెండ్ అన్న పేరుతో మన దేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మంది స్ట్రోక్ పేషెంట్ల మీద పరీక్షించి 2017లో లాన్సెట్‌లో ప్రచురించారు. ఇంట్లోవాళ్లకు ఆసుపత్రిలోనే శిక్షణ మొదలుపెట్టి, తర్వాత ఇంటికి కూడా వెళ్లి నేర్పించారు. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి, ఈ శిక్షణ ఇచ్చిన గుంపులోనూ, మామూలు చికిత్సే అందిన గుంపులోనూ 47 శాతమే. తేడా రాలేదు.

ఇది చదివి నీరుగారిపోవద్దు. సెంటర్ పెట్టే ముందు చదవడం మంచిదని చెబుతున్నాను. కోడలికి కాగితం మీద నాలుగు వ్యాయామాల బొమ్మలు గీసిచ్చి, ‘రోజూ చేయించమ్మా’ అని పంపడం సరిపోదని మనకు లోపల తెలుసు. పొద్దున ఐదుకు లేచి పాలు పిండి, పిల్లల్ని బడికి పంపి, మామగారికి స్నానం చేయించి, ఆ తర్వాత ఆవిడ కూలికి వెళ్లాలి. ఆ రోజులో మీ వ్యాయామానికి చోటెక్కడ? స్నానంలోనే ఆ వ్యాయామాన్ని కలపగలగాలి. చెంబు ఏ చేత్తో పట్టించాలి, సబ్బు ఎటువైపు పెట్టాలి, అన్నవే చికిత్స కావాలి. అది రావాలంటే ఇళ్లకు వెళ్లి చూసే ఫెలోషిప్ కావాలి. ఆ ఆసుపత్రిని అడగమన్న నాలుగో ప్రశ్నలో ‘ఇల్లు’ అన్న మాట ఊరికే పెట్టలేదు. పావురం రక్తం రాస్తే తగ్గిందని చెప్పే పక్కింటావిడను కూడా మీరు ఆ ఇంట్లోనే కలుస్తారు. ఆవిడతో పోట్లాడకుండా మాట్లాడటం కూడా శిక్షణే.

మీ సార్ చెప్పిన ఎంఓటీ సంగతి. ఆయన తప్పు చెప్పలేదు. కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా, ఎప్పుడైనా పీహెచ్‌డీ వైపు వెళ్లాలన్నా అది లేకుండా కష్టం. రెండేళ్లు, ఒక థీసిస్. కటక్‌లో మీరు చదివిన చోటే ఉంది, కోల్‌కతాలో ఉంది, ముంబై కేఈఎం ఆసుపత్రిలో ఉంది. మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ చదువు మొదలైంది ఆ కేఈఎంలోనే, 1950లో. కానీ ఎంఓటీ అంటే డిగ్రీ, ఫెలోషిప్ అంటే చేతి పని. ఎంఓటీలో కూడా మంచి గైడ్ దొరికితే రెండూ వస్తాయి, దొరక్కపోతే థీసిస్ కోసం ముప్పై మంది పేషెంట్లను వెతుక్కోవడంలోనే రెండో ఏడాది గడిచిపోతుంది. సెంటర్ నడపడానికి ఎంఓటీ తప్పనిసరి కాదు. తప్పనిసరి అయినది వేరే ఉంది. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం మన వృత్తిని తన కిందికి తెచ్చింది. రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంగతి ఇప్పుడే చూసుకోండి. ఏ ఫెలోషిప్ సర్టిఫికెట్టూ దానికి బదులుగా పనికిరాదు. పైగా ఆ చట్టంలో ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వేర్వేరుగా ఉన్నాయి. ‘ఫిజియో మేడమ్’ అని పిలిచేవాళ్లకు చట్టం చూపించినా లాభం లేదనుకోండి. నన్ను ఇప్పటికీ అలాగే పిలుస్తారు. నేను పలుకుతాను.

అమెరికా విషయం మీ అక్కకు అర్థమయ్యేలా చెప్పండి. అక్కడి ఫెలోషిప్ మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. అందులో చేరాలంటే ముందే ఆ రాష్ట్రం లైసెన్స్ ఉండాలి. లైసెన్స్‌కు ఎన్‌బీసీఓటీ అనే జాతీయ స్థాయి పరీక్ష రాయాలి. ఆ పరీక్ష రాయనివ్వడానికి, బయటి దేశాల్లో చదివినవాళ్ల చదువు వాళ్ల స్థాయికి సరిపోతుందో లేదో ముందు తేలుస్తారు. అక్కడి కాలేజీలు 2007 నుంచి ఈ వృత్తిలో అడుగుపెట్టేవాళ్లకు పీజీ స్థాయి డిగ్రీలే ఇస్తున్నాయి. వాళ్లు మీ బీఓటీని దానితోనే పోల్చి చూస్తారు. అంటే మీకు ఆ దారి ఎంఓటీతోనో, అక్కడ మాస్టర్స్‌తోనో మొదలవుతుంది. ఆ తర్వాత వీసా. ఏడాది పోస్టు కోసం ఆసుపత్రి స్పాన్సర్ చేస్తుందా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. ఇంత ఖర్చూ పెట్టి, అప్పు తీరేదాకా అక్కడే ఉండి, శ్రీకాకుళం వచ్చేసరికి మీకు నలభై దాటుతాయి. వెళ్లడం తప్పని అనడం లేదు. మీ ఉత్తరంలో ఆ కోరిక నాకు కనపడలేదు. బ్రిటన్ అయితే లెక్క వేరు. అక్కడి థెరపిస్టులను నమోదు చేసే హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్ చేసుకుని, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా తెచ్చుకుంటే, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో విభాగాలు మారుస్తూ పనిచేసే ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. మన పిల్లలు కొందరు అలా వెళ్లారు.

వెళ్లి వచ్చినవాళ్లు లేరని కూడా కాదు. వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో నడుం కింది భాగం చచ్చుబడ్డాక, వీల్‌చైర్లో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. రీహాబ్ శిక్షణ కోసం న్యూయార్క్ వెళ్లి, తిరిగొచ్చి ఆ విభాగాన్ని నడిపారు. పేషెంట్లు ఉండి చికిత్స తీసుకునే రీహాబ్ కేంద్రం అక్కడ 1966లో మొదలైంది. మీకు వీలు దొరికితే ఒకసారి వెల్లూరు వెళ్లి దాన్ని చూసి రండి. బెంగళూరు నిమ్హాన్స్‌లోనూ న్యూరో రీహాబ్ విభాగం ఉంది. కొద్ది రోజులు పరిశీలకురాలిగా ఉండనిస్తారేమో రాసి అడగండి. సెంటర్ ప్లాను గీసుకునే ముందు ఇలాంటి రెండు మూడు చోట్ల తలుపుల వెడల్పు, బాత్రూమ్ కడ్డీల ఎత్తు టేపుతో కొలుచుకుని వస్తే, శ్రీకాకుళంలో గోడ కట్టి మళ్లీ పగలగొట్టే పని తప్పుతుంది.

డబ్బు లెక్క. నెలకు ఎనిమిది వేలు తగ్గడం, కొత్త ఊళ్లో హాస్టల్ ఖర్చు, ఏడాదికి సుమారు లక్షా అరవై వేలు నష్టమనుకోండి. దాదాపు రెండు ఆన్‌లైన్ కోర్సుల ఫీజు. పక్కన స్టూలేసుకుని కూర్చునే మనిషి నిజంగా ఉంటే ఇది చవక. లేకపోతే ఉన్న ఉద్యోగంలోనే ఉండి ఎంఓటీకి రాయండి.

పెళ్లి గురించి నేను చెప్పేదేముంది. ఏడాది ఆగమని అమ్మానాన్నల్ని అడగండి, ఏడాది అన్నది చెప్పడానికి సులువైన గడువు. వచ్చే సంబంధాలవాళ్లకు శ్రీకాకుళం సంగతి మొదటి రోజే చెప్పేయండి. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్న అబ్బాయికి ఆ మాట తర్వాత తెలిస్తే మీ సెంటర్ బోర్డు ఎక్కడా లేవదు.

ఈ లోపల ఒక పని మొదలుపెట్టవచ్చు, దానికి ఎవరి అనుమతి లేఖా అక్కర్లేదు, పేషెంట్‌దీ, మీ సెంటర్‌దీ ఒప్పుకోలు ఉంటే చాలు. వారానికి ఒక సెషన్ ఫోన్లో వీడియో తీయించుకోండి. పేషెంట్ మొహం పడకుండా, మీ చేతులూ ఆయన చేయీ కనిపిస్తే చాలు. ఆదివారం కూర్చుని చూడండి. మొదటి రెండు వారాలు మీ గొంతు వినడానికే సిగ్గేస్తుంది. మూడో వారం నుంచి, ఆయన వేలు కదపబోతుంటే మీరే ముందు కదిపేస్తున్న క్షణాలు కనిపిస్తాయి. నాకైతే ఒక్క సెషన్‌లో పదకొండు కనిపించాయి.

ఇంటర్వ్యూ అయ్యాక మళ్లీ రాయండి. నిరుడు చేసిన ఫెలోతో మాట్లాడనిచ్చారో లేదో ముఖ్యంగా రాయండి. మాట్లాడనివ్వకపోతే, ఎందుకు కుదరదన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి.